బతికున్న తండ్రికి సంతాప నృత్యం

ఆ ఇంట్లో రోజుకో సబ్బు బిళ్ళ అరిగిపోయేది. నమ్మనివాళ్ళు వీధి చివర కొట్టతన్ని అడగొచ్చు. ఆ ఒక్క ఇంటి బేరంతో అతను రెండంతస్తుల మేడ కట్టాడు. పదకొండు గంటలకి తండ్రి పని దిగి వచ్చేవాడు. ముందు గుమ్మం తొక్కేవాడు కాదు. పక్క సందులోంచి పెరట్లోకి వెళ్ళి, కుళాయి కింద కూర్చుని, మూడుసార్లు ఒళ్ళు రుద్దుకుని, ఎండలో ఆరి, చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుని, అప్పుడు లోపలికి. ఇరవై రెండేళ్ళుగా అదే వరస.

ఆయన పని నగరం కింద, మురుగు కాలువల్లో. అలాంటి పనివాళ్ళు అక్కడ నలభై మంది ఉండేవారు గానీ, అందులో ముప్ఫై తొమ్మిది మంది మామూలు మనుషులు. ఈయన మ్యాన్‌హోల్ మూత మీద గడ్డపారతో ఒక్క దెబ్బ కొట్టి, ఆ మోత విని, కింద నీరెంత లోతుందో, అడ్డం పడింది గుడ్డో జుట్టో కూడా చెప్పేసేవాడు. ఊపిరి బిగబట్టి దిగాడంటే, పైన తాడు పట్టుకున్నవాడు ఒక కునుకు తీసి, కల కని, ఆ కలకి అర్థమేమిటని పక్కవాణ్ణి అడిగి తెలుసుకునేదాకా పైకొచ్చేవాడు కాదు. ఒక వరదలో ఆసుపత్రి వెనక కాలువ పూడుకుపోతే ఒంటిచేత్తో తెరిచాడు. నీళ్ళు దిగిపోయిన ఆ హోరుకి, మర్నాడు పుట్టాల్సిన పిల్లలు నలుగురు ఆ రోజే పుట్టేశారు. ఇన్ని ఘనకార్యాలు చేసిన మనిషి, ఎవరింట్లోనైనా పెళ్ళికి పిలిస్తే మాత్రం అందరి భోజనాలూ అయ్యాక వెళ్ళేవాడు. పక్కన కూర్చున్నవాళ్ళు లేచిపోవడం చూడటం కంటే చల్లారిన కూర తినడం నయమనేవాడు.

కూతురి అసలు పేరు బడి రిజిస్టరుకి తప్ప ఎవరికీ గుర్తులేదు. బొంగరం అనేవారు. లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే ఉద్యోగం. దుప్పటి కొసలు రెండూ పట్టుకుని ఒక్క చుట్టు తిరిగిందంటే, దుప్పటి దానంతటదే మడతపడి బీరువాలోకి వెళ్ళి కూర్చునేది. చిన్నప్పుడు కమ్యూనిటీ హాల్లో ఒక టీచరమ్మ ఉచితంగా నాట్యం నేర్పేది. అక్కడ పట్టింది ఆ పిచ్చి. హాల్లో ఆ పిల్ల తిరుగుతుంటే గోడ మీది క్యాలెండరు గాలికి రెండు నెలలు ముందుకి పోయేది, వాచ్‌మన్ జీతం రాలేదని గొడవపడేవాడు. అంతటి పిల్లకీ ఒక్క విషయంలో కాళ్ళు తడబడేవి. "మీ నాన్నగారేం చేస్తారు?" అని ఎవరైనా అడిగితే, "నీళ్ళ శాఖలో" అని చెప్పి, కిందకి చూసేది.

ఆ ఏడు ఒక దూరపు ఊళ్ళోని నాట్య సంస్థ ప్రకటన ఇచ్చింది. అవకాశాలు అందని ఇళ్ళ నుంచి వచ్చిన నర్తకులకి మూడు నెలల రెసిడెన్సీ. ఉండటానికి గది, ఆడటానికి చెక్క నేల ఉన్న హాలు, పక్కన ఉండి సరిదిద్దే గురువులు. ఆఖర్న ప్రదర్శన. అందులో మెచ్చినవాళ్ళలో ఒకరికి ప్రయాణ భృతి. తను కూర్చిన నృత్యాన్ని అయిదు నగరాల్లో ఆడి రావచ్చు.

దరఖాస్తు నింపించుకోవడానికి బొంగరం మేనమామ దగ్గరికి వెళ్ళింది. ఆయనకి జిరాక్సు కొట్టు. జిరాక్సు ఆయనకి వేడినీళ్ళకి చన్నీళ్ళు. అసలు విద్య దరఖాస్తులు నింపడం.

"కోడలా, ఈ చేత్తో నింపిన ఫారం తిరిగొచ్చిన చరిత్ర లేదు. ఒకాయన గాడిద చచ్చిపోయిన మూడేళ్ళకి దానికి లైసెన్సు ఇప్పించాను. ఆఫీసరు స్వయంగా ఇంటికొచ్చి గాడిదని అభినందిస్తానన్నాడు. చచ్చేంత పనయింది ఆపడానికి. ఇటివ్వు."

'మీరు ఎదుర్కొన్న కష్టాలు వివరించండి, అవసరమైతే అదనపు కాగితాలు జతచేయండి' అని ఉంది. మావయ్య నాలుగు కాగితాలు జతచేశాడు. అందులో రెండు వరదలు, ఒక అగ్నిప్రమాదం ఉన్నాయి. చివరికి 'తండ్రి వృత్తి' అనే గడి దగ్గర కలం ఆగింది.

"నీళ్ళ శాఖ అని రాయనా మావయ్యా?"

"శాఖ సరే, హోదా ఏంటంటారు. ఏం చెప్తావ్?"

"ఖాళీగా వదిలేస్తే?"

"ఖాళీ గడి ఉన్న ఫారం ముందే తీసి అవతల పడేస్తారు." మావయ్య కళ్ళజోడు నుదుటి మీదకి తోశాడు. "పోయాడని రాసెయ్యి. పోయినవాళ్ళకి వృత్తి ఉండదు. పైగా జాలి."

"అదేంటి మావయ్యా! నీకు బావ కదా."

"బావే. నాకేమన్నా కోపమా? నా చేతి మీదుగానే ఆయనకి నీ చెల్లెల్ని ఇస్తానని... కాదు, నా చెల్లెల్ని ఇచ్చాను. చూడు, ఆయన మాట తలుచుకుంటే మాట కూడా తడబడుతోంది, అంత ప్రేమ. కాగితం మీద పోతే నిజంగా పోతారా ఏంటి? ఆ గడి మాత్రం నీ దస్తూరీలోనే ఉండాలి. ఇందా."

బొంగరం కలం తీసుకుంది. 'కాలం చేశారు' అని రాసింది. చెప్పింది మావయ్యే అయినా రాసింది తన చెయ్యే. ఆ రెండు మాటలూ రాశాక ఆమెకి ముందుగా కలిగింది దుఃఖం కాదు. హాయి. ఇక ఎవరూ ఆ ప్రశ్న అడగరు కదా అని. తర్వాత ఎన్నో ఏళ్ళు ఆమె తలదించుకున్నది ఆ అబద్ధానికి కాదు, ఆ హాయికి.

మావయ్య చేతి వాసి, ఎంపికైనట్టు నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. అదే రోజు పొద్దున తండ్రి చిటికెనవేళ్ళు కనబడటం మానేశాయి.

"చెయ్యి సరిగ్గా కడుక్కున్నావా?" అంది తల్లి, టీ గ్లాసు ఇస్తూ.

"కడుక్కున్నానే."

వారానికి మోచేతుల దాకా పోయాయి. తొడుక్కున్న చొక్కా చేతులు కూడా వాటితోపాటే. చేత్తో పట్టుకున్న వస్తువు మాత్రం కనబడేది. టీ గ్లాసు గాల్లో లేచి, వంగి, ఖాళీ అయి, బల్ల మీదకి దిగేది. తల్లి ఆ గ్లాసు తీసి కడిగేది. ఇరుగమ్మ వచ్చి, "అన్నయ్యగారు తగ్గినట్టున్నారే" అంటే, "పని ఎక్కువైంది వదినా" అనేది. పనిలో మేస్త్రీ హాజరు పిలిచి, గొంతు విని టిక్కు పెట్టుకునేవాడు.

బొంగరం ప్రయాణం రోజుకి ఆయన ఛాతీ దాకా పోయాడు. భుజాలూ మెడా తలా మిగిలాయి. బస్‌స్టాండులో సూట్‌కేసు గాల్లో తేలుకుంటూ వచ్చి బస్సు పైకెక్కింది.

"జాగ్రత్త తల్లీ. అక్కడ నేల జారుతుందేమో చూసుకో."

"సరే నాన్నా."

ఆమె ఆయన కాళ్ళు ఉండాల్సిన చోట చూస్తూ చెప్పింది ఆ మాట. ఎందుకు ఇలా అవుతోందో ఆమెకి తెలుసు. ఇప్పుడే దిగి నిజం చెప్పేయొచ్చని కూడా తెలుసు. బస్సు కదిలింది.

నాట్య సంస్థ భవనం పాత గిడ్డంగి. పై అంతస్తులో గదులు, కింద హాలు. ఆ హాల్లో చెక్క నేల ఎంత నున్నగా ఉండేదంటే, ఈగ వాలితే గోడ దాకా జారిపోయేది. నడిపే ఆవిడ ఒకప్పుడు పెద్ద నర్తకి. మోకాలు పాడై మానేసింది. ఆ మోకాలు ఎవరైనా తాళం తప్పితే కలుక్కుమనేది. అందరూ మోకాలు మేడం అనేవారు. ఆవిడ ముందే అనేవారు.

బొంగరం గదిలో ఇంకో అమ్మాయి. తలుపు చట్టంలోంచి వంగి రావలసినంత పొడుగు. నిచ్చెన అని పిలిచేవారు. చేపల రేవులో బుట్టలు మోసే ఇంటి పిల్ల. మొదటి రోజే బొంగరం మంచం మీద తన మందపాటి దుప్పటి పరిచింది.

"నాకక్కర్లేదు, నువ్వు కప్పుకో. కిటికీ పక్కన చలి." ఆగి, "మేడం చెప్పారు. మా నాన్న కూడా పోయాడు. రేవులో. నాకు పదకొండేళ్ళప్పుడు. నీకు?"

బొంగరం నోరు తెరిచింది. "ఈమధ్యే," అంది.

"అయితే ఇంకా ఇంట్లో చెప్పుల చప్పుడు వినబడుతూనే ఉంటుందిలే," అంది నిచ్చెన. "నాకు రెండేళ్ళు వినబడింది."

ఆ దుప్పటి కింద బొంగరానికి ఒక్క రోజూ వెచ్చగా అనిపించలేదు.

తర్వాత జరిగింది ఇంకా అన్యాయం. ఏం నృత్యం కూర్చాలో తెలియక ఆమె తికమకపడుతుంటే ఒక గురువు, "నీ దుఃఖమే తీసుకో, దాన్ని మించింది ఏముంది?" అన్నాడు. కాదంటే నిజం చెప్పాల్సి వస్తుంది. అలా బతికున్న తండ్రికి సంతాప నృత్యం మొదలైంది. ఖాళీ కుర్చీ చుట్టూ తిరగడం, చొక్కాని గుండెకి హత్తుకోవడం, లేని మనిషి చెయ్యి పట్టుకుని నడవడం. దౌర్భాగ్యం ఏమిటంటే అది అద్భుతంగా వచ్చింది. సాధన చూడటానికి వచ్చినవాళ్ళ కన్నీళ్ళకి చెక్క నేల ఉబ్బిపోతే వడ్రంగిని రెండుసార్లు పిలిపించారు. వంటమనిషి ఉప్పు వెయ్యడం మానేసింది, కళ్ళలోంచి పడేదే సరిపోతోందని. ప్రయాణ భృతి ఈ పిల్లదేనని అందరూ అనుకోసాగారు. నిచ్చెన కూడా. "నీకే రావాలి. నిజం కనబడుతోంది నీలో," అంది.

ప్రతి ఆదివారం ఇంటికి ఫోను. తండ్రి గొంతు వారం వారం పలచబడేది.

"ఎక్కడిదాకా పోయావు నాన్నా?"

"మొత్తం పోయాను. సబ్బు ఖర్చు తగ్గిందని మీ అమ్మ ఆనందం," అని నవ్వేవాడు. ఆ నవ్వు దగ్గర్లోంచి వచ్చినట్టుండేది కాదు.

రెండో నెల ఆఖర్న ఫోను తల్లి ఎత్తింది.

"మీ నాన్న మీద మూత పెట్టేశారే."

"ఏంటీ?"

"కిందకి దిగారు. తాడు పట్టినవాడు టీకి పోయాడు. టార్చి నీళ్ళలో పడిపోయింది. ఇంకో జట్టు వచ్చి చూస్తే ఎవరూ లేరు, మూత తీసుంది. పిల్లలెవరైనా పడతారని మూసేసి పోయారు. వాళ్ళ తప్పేముంది? గంటసేపు లోపలే. పైన ఎవరిదో సైకిలు చెయిను ఊడి అక్కడే ఆగబట్టి సరిపోయింది, లోపల చప్పుడు వినబడింది ఆ సైకిలతనికి." తల్లి ఊపిరి తీసుకుంది. "నిన్న మీ మావయ్య వచ్చి మీ నాన్న కాళ్ళు పట్టుకుని ఏడ్చాడు. కాళ్ళు ఎక్కడున్నాయో తెలీక కుర్చీ కాళ్ళు పట్టుకున్నాడు. ఏం రాయించాడే నీ చేత?"

"రాయించలేదమ్మా. నేనే రాశాను."

తర్వాత ఫోను చేతులు మారింది.

"తల్లీ, మీ అమ్మ మాట పట్టించుకోకు." గొంతు, చెవికి ఫోను నొక్కిపెడితే గానీ వినబడలేదు. "నాకు తెలుసు. మీ మావయ్య చెప్పాడు. ఇంకో నెలే కదా. ఆ ప్రయాణం డబ్బు కూడా రానీ. అంతవరకూ ఇలాగే ఉంటాలే. నాకేం కష్టం లేదు. పెళ్ళిళ్ళకి కూడా హాయిగా వెళ్తున్నాను, ఎవరూ లేవడం లేదు."

బొంగరానికి ఏడుపు రాలేదు. ఏడుపు అంతకుముందే నేల మీద పోసేసింది. ముఖం మాత్రం మండింది. మర్నాడు కూడా సాధనకి వెళ్ళింది, ఆ మర్నాడు కూడా. సిగ్గు లోపల కాలుతున్నా కాళ్ళు మాత్రం తాళం తప్పలేదు. మేడం మోకాలు ఒక్కసారీ కలుక్కుమనలేదు.

ప్రదర్శన రోజు మధ్యాహ్నం తల్లీ తండ్రీ వచ్చారు. కిటికీలోంచి బొంగరం చూసింది. భవనం బయట బల్ల మీద తల్లి కూర్చుని ఉంది. ఆమె పక్కన ఒక టీ గ్లాసు గాల్లో వంగి, పెదవులు లేని చోట ఖాళీ అవుతోంది. గాలిపటంలా వణుకుతోంది ఆ గ్లాసు. అంటే తండ్రికి దాన్ని పట్టుకునే బలం కూడా పోతోంది. చూస్తుండగానే గ్లాసు జారి కింద పడింది. మళ్ళీ పైకి లేవలేదు.

ఆమె మెట్లు ఎలా దిగిందో మెట్లకే తెలీదు. మోకాలు మేడం గదిలోకి వెళ్ళి నిలబడింది.

"మేడం, మా నాన్న బతికే ఉన్నారు."

మేడం కళ్ళజోడు తీసింది. "ఎక్కడ?"

"బయట. అమ్మ పక్కన."

మేడం కుంటుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళి చూసింది. బల్ల మీద తల్లి పక్కన ఖాళీ చోటునీ, కింద పడ్డ గ్లాసునీ చూసింది. ఆశ్చర్యపోలేదు. "పూర్తిగా పోయారా?"

"గొంతొక్కటే ఉంది మేడం. అదీ పోయిన ఆదివారానికే సగమైంది."

"ఏం చేస్తారు?"

బొంగరం కిందకి చూసింది. "నీళ్ళ..." అంది. ఆగింది. "మురుగు కాలువల్లోకి దిగుతారు."

మేడం బీరువా తెరిచి దరఖాస్తు తీసింది. ఆ గడి మీద వేలు పెట్టింది. "నీలాంటి ఇళ్ళ వాళ్ళ కోసమే ఈ సంస్థ. ఈ గడిలో ఆ పని రాసి ఉంటే నిన్ను ఇంకా ముందే పిలిచేవాళ్ళం. చంపాల్సిన అవసరమే లేదమ్మా."

తిట్టినా అంత తగిలేది కాదు.

"ఎవరికెంత కష్టమో కాగితాలు జతచెయ్యమని అడిగింది మేమేలే," అంది మేడం తనలో తను. "కొట్టేయ్. కానీ అబద్ధం రాస్తే రెసిడెన్సీ రద్దని కింద ఉంది. ఆ నిబంధన రాసింది నేనే. ప్రయాణ భృతి కూడా ఉండదు. అది నిచ్చెనకి వెళ్తుంది."

"దానికే రావాలి మేడం."

బొంగరం రెండు మాటలూ కొట్టేసి, పక్కన తండ్రి పని రాసింది. పరుగున బయటికొచ్చింది. బల్ల మీద తల్లి పక్కన ఖాళీగానే ఉంది. తల్లి తల అడ్డంగా ఊపింది. బొంగరం మళ్ళీ లోపలికి పరిగెత్తింది.

"రాలేదు మేడం! కొట్టేశాను కదా, అయినా రాలేదు."

"కాగితం మీద ఒకసారే రాశావు. ఈ హాల్లో నలభై రోజులుగా ఆడుతున్నావు. ఇక్కడ ఆడింది ఇక్కడే చెరపాలి. సాయంత్రం అయిదింటికి హాలు నిండుతుంది. వెళ్తావా, సామాను సర్దుకుంటావా?"

అయిదింటికి హాలు నిండింది. ఎంత నిండిందంటే, ఊపిరి పీల్చడానికి ఒక వరస, వదలడానికి ఒక వరస వంతులేసుకున్నారు. అందరి చేతుల్లోనూ రుమాళ్ళు. ఆ సంతాప నృత్యం పేరు అంతలా పాకింది. మూడో వరసలో తల్లి, ఆమె పక్కన ఒక ఖాళీ మడత కుర్చీ. ఎవరో కూర్చోబోతే, "మా ఆయన ఉన్నారండీ" అంది తల్లి. ఆయనెవరో, "క్షమించండి, చూసుకోలేదు" అని పక్కకి పోయాడు.

బొంగరం స్టేజి మీదకి వచ్చింది. దీపాలు నేరుగా కళ్ళలోకి కొట్టాయి. ముందున్నది చీకటి గోడలా ఉంది. ఆమె చెయ్యి ఖాళీ కుర్చీ దాకా వెళ్ళింది. కానీ తిరగలేదు. కుర్చీని మడిచి పక్కన పెట్టేసింది.

"ఈ నృత్యం ఆడలేను. మా నాన్న పోలేదు."

వెనక నుంచి ఎవరో అరిచారు. "వినబడటం లేదు!"

"మా నాన్న పోలేదు!" గొంతు పగిలింది. "నేనే చంపాను, ఫారంలో. ఆయన మురుగు కాలువల్లోకి దిగుతారు. అది చెప్పుకోడానికి నాకు సిగ్గేసింది. అందుకని చంపాను. మీరందరూ ఏడిస్తే ఇంకా బాగా చంపాను. నిచ్చెన తన దుప్పటి నాకిచ్చింది, కప్పుకున్నాను." చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక, ఒళ్ళంతా నాట్యం నేర్చిన ఆ పిల్ల, పరీక్ష తప్పిన చిన్నపిల్లలా నిలబడింది. "నాన్నా. మూడో వరసలో ఉన్నావు కదా. లేచి నిలబడు."

చీకట్లో మడత కుర్చీ టప్పున మూసుకున్న చప్పుడు. అంతే. తర్వాత ఏమీ లేదు. ఆమెకి ఏమీ కనబడలేదు, ఆ దీపాల అవతల. ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ తిట్టలేదు. రుమాళ్ళు ఎవరి ఒళ్ళో వాళ్ళకి ఉండిపోయాయి. ఆ నిశ్శబ్దంలో ఆమె ఎంతసేపు నిలబడిందంటే, ఆ కాసేపట్లో ముసలిదైపోయి, మళ్ళీ వయసులోకి వచ్చింది.

అప్పుడు నాలుగో వరసలోంచి ఒక విసుగు గొంతు.

"ఏవండీ పెద్దాయనా, కాస్త కూర్చోండి. మీరు అడ్డంగా నిలబడితే వెనక మాకేం కనబడుతుంది?"

"తప్పయింది బాబూ, తప్పయింది," అంది తండ్రి గొంతు, స్టేజి దాకా స్పష్టంగా. కుర్చీ మళ్ళీ తెరుచుకోబోతూ కిర్రుమన్న చప్పుడు.

"కూర్చోకు నాన్నా," అని అరిచింది బొంగరం. "ఆయన్నే పక్కకి జరగమను."